వాంతులు ఆగిన ఇల్లు

డిటెక్టివు వచ్చేసరికే ఒక మనిషి చేతులకి బేడీలు పడిపోయాయి.

సిస్టర్ల ఇంటి వరండాలో లారీ డ్రైవరు గోడకి జారగిలబడి కూర్చున్నాడు. చొక్కా ముందంతా రక్తం. అతనిది కాదు, మందుల సిస్టరుది. పక్కనే ఇన్‌స్పెక్టర్ నిలబడి టీ తాగుతున్నాడు, పని తెమిలిపోయినవాడు తాగినట్టు, నింపాదిగా.

"రండి నత్తగారూ," అన్నాడు డిటెక్టివుని చూసి. "మీరొస్తారని తెలిసి కాస్త మెల్లిగానే పట్టుకున్నాం. అయినా మీరందుకోలేకపోయారు."

ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో పనిచేసినవాళ్ళు. డిటెక్టివుది మొదట్నించీ నిదానం. మాటైనా సరే, నోట్లో రెండు చుట్లు తిప్పిగానీ బయటికి వదిలేవాడు కాదు. ఆ నత్త అనే పేరు అప్పుడు పెట్టిందే, పెట్టింది ఈ ఇన్‌స్పెక్టరే.

"టీ చల్లారిపోతుంది, తాగండి," అని మాత్రం అని డిటెక్టివు లోపలికి నడిచాడు.

ఆ ఇల్లు ఎలాంటిదో ముందు చెప్పుకోవాలి. పెద్దాసుపత్రికి ఎదురుగా, రోడ్డు దాటితే చాలు. క్యాన్సరు రోగులకి ఆ ఆసుపత్రిలో మంచం దొరకదు, పొద్దున వచ్చి మందు ఎక్కించుకుని సాయంత్రానికి పొమ్మంటారు. పొమ్మంటే దూరాన్నించి వచ్చినవాళ్ళు ఎక్కడికి పోతారు? అలాంటివాళ్ళ కోసం సిస్టర్లు నడిపే బస అది. ఇవ్వగలిగింది ఇస్తే పుచ్చుకుంటారు, ఇవ్వలేకపోతే అడగరు. రోగికో మంచం, తోడొచ్చినవాళ్ళకి మంచం పక్కన చాప, అందరికీ కలిపి ఒక వంటగది. మందు సీసాలు చల్లగా ఉండాలి కాబట్టి మెట్లకింద గదిలో పెద్ద ఫ్రిజ్. ఆ ఫ్రిజ్ చూసుకునే ఆవిడే మందుల సిస్టర్.

ఆ సిస్టర్ పొద్దున అందరూ ప్రార్థన గదిలో పాడుతుంటే, తల పగిలి ఆ ఫ్రిజ్ ముందర పడి ఉంది. పాట ఆపి పరిగెత్తుకొచ్చినవాళ్ళకి, ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న లారీ డ్రైవరు కనిపించాడు. ఇంకేం కావాలి ఇన్‌స్పెక్టరుకి?

డిటెక్టివుకి కబురు పెట్టింది డ్రైవరు అక్క. బట్టలు కుట్టుకుని బతికే మనిషి, అందరూ టైలరమ్మ అంటారు. ఒకప్పుడు ఆవిడ కుట్టుమిషను ఎత్తుకుపోయినవాణ్ణి డిటెక్టివు పట్టిచ్చాడు, ఆ పరిచయం. ఇప్పుడు ఆవిడ ఇక్కడ రోగి. మంచం మీద కూర్చుని ఎవరిదో దిండుగలీబు కుడుతోంది. ఏడవడం లేదు. ఏడిస్తే సూది వంకర పోతుంది అన్నట్టుంది మొహం.

"బాబాయ్ గారూ, మా తమ్ముడు చీమకి కూడా దారి ఇచ్చే రకం కాదు, నాకు తెలుసు. నోటి దురుసు వాడికి. కానీ చెయ్యి మంచిది," అంది. ఆ తరవాత గొంతు తగ్గించింది. "వాణ్ణి తీసుకెళ్తే నాకు తోడు ఎవరూ ఉండరు. తోడు లేకపోతే ఆసుపత్రిలో మందు ఎక్కించరు. అది అక్కడి రూలు. మధ్యలో ఆపితే ఇన్నాళ్ళూ ఎక్కించింది గంగలో కలిసినట్టే అన్నాడు డాక్టరు. వాణ్ణి వదిలించండి, నన్ను బతికించినట్టే."

ఆవిడ జడ భుజం మీంచి ముందుకి పడి ఉంది. బారెడు జడ, నల్లగా, నూనె రాసి అల్లింది. డిటెక్టివు ఆ జడవంక ఓసారి చూశాడు. ఏదో అడగబోయి ఊరుకున్నాడు.

డ్రైవరు చెప్పింది చిన్న కథే. ముందురోజు సాయంత్రం అక్క మందు సీసా ఇమ్మంటే సిస్టర్ ఇవ్వనంది. రేపటిదాకా ఆగు నాయనా అంది. ఎందుకు ఆగాలో చెప్పదు. అతనికి కోపం వచ్చింది, అరిచాడు. ఏమని అరిచాడో అడిగితే తల దించుకున్నాడు. రాత్రంతా ఆ మాటలే గుండెలో కెలికాయట. పొద్దున క్షమాపణ అడుగుదామని, అందరిలో అడగడానికి మొహం చెల్లక, పాట మొదలయ్యాక మెట్లకింద గదికి వెళ్ళాడు. నడవలో ఉండగానే గాజు పగిలిన చప్పుడు, మనిషి పడ్డ చప్పుడు. తలుపు తోసి చూస్తే సిస్టర్ ఒక్కతే.

"ఒక్కతే," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచి. "విన్నారా? ఇంకెవరూ లేరని వీడే చెప్తున్నాడు. ముందురోజు గొడవపడ్డాడు, మర్నాడు రక్తంతో దొరికాడు. దీనికి డిటెక్టివు కూడా కావాలా అని."

"ఒకటే అడుగుతాను," అన్నాడు డిటెక్టివు. "రోగి మందు రోగికి ఇవ్వడానికి సిస్టరెందుకు వద్దంది?"

"అవన్నీ స్పృహ వచ్చాక ఆవిడనే అడగండి."

"స్పృహ రాకపోతే?"

ఇన్‌స్పెక్టర్ ఖాళీ టీ గ్లాసు గుమ్మం పక్కన పెట్టాడు. డిటెక్టివు మెట్లకింద గదిలోకి వంగి దూరాడు.

చిన్నగది. ఒకపక్క ఫ్రిజ్, ఒకపక్క బల్ల. తలుపులు రెండు. ఒకటి నడవలోకి, ఇంకోటి పెరట్లోకి, సరుకు తెచ్చేవాళ్ళ కోసం. నేలమీద రక్తం ఎండుతోంది. పగిలిన మందు సీసా ముక్కలు గదంతా చెల్లాచెదురుగా పడ్డాయి, సన్నగా, పంచదార చల్లినట్టు. బల్లకింద కూడా ఉన్నాయి. తలుపు మూలకి కూడా ఎగిరాయి. డిటెక్టివు మోకాళ్ళమీద కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు.

"ధ్యానమా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇక్కడ చూడండి. గాజు లేదు."

పెరటి తలుపు పక్కన, చదరంగా, పెద్ద పీట వెయ్యగలిగినంత చోటు. దాని చుట్టూతా గాజు ముక్కలున్నాయి, లోపల ఒక్కటి లేదు. గీత గీసి తుడిచినట్టు ఉంది. ఆ చదరం అంచుల్లో తడి ఆరిన మరక.

"ఎవరో ఊడ్చుంటారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చదరంగా ఊడ్చే చీపురు నేనెక్కడా చూడలేదు. సీసా పగిలినప్పుడు ఇక్కడ ఏదో వస్తువు ఉంది. అడుగున చెమ్మ పట్టిన వస్తువు. పగిలాక దాన్ని ఎత్తుకుపోయారు, ఈ పెరటి తలుపులోంచి. మీ డ్రైవరు చేతిలో ఏమైనా దొరికిందా?"

ఇన్‌స్పెక్టర్ తనూ వంగాడు. వంగడం ఆయనకి ఇష్టం లేని పని. చూశాడు, లేచాడు, ఫ్రిజ్‌లోంచి నీళ్ళు కారి ఉంటాయి అన్నాడు. ఫ్రిజ్ కింద చెయ్యి పెట్టి చూస్తే పొడిగా ఉంది. అప్పుడింక మీసం సవరించుకున్నాడు.

ఇంతలో డిటెక్టివు కళ్ళు ఇంకోదాని మీద పడ్డాయి. గోడ వారన ఒక చీమలబారు. గుమ్మం దాటి, బల్లకాలు చుట్టి, సీసాలోంచి ఒలికిన మందు దగ్గరికి వచ్చి ముసురుకున్నాయి. పెళ్ళిపందిట్లో జనంలా, ఒకదాన్నొకటి తోసుకుంటూ. రక్తం వైపు ఒక్క చీమ పోలేదు. అన్నీ ఆ మందు మీదే.

ఆయన లేచి పెరట్లోకి నడిచాడు.

పెరట్లో గోడకి మేకులు కొట్టి వరసగా బేసిన్లు తగిలించారు. మంచానికో బేసిను. ఆ మందు ఎక్కించుకున్నవాళ్ళకి కడుపులో ఏదీ నిలవదు, పేగులు బయటికొచ్చేట్టు వాంతులవుతాయి. ఆ బేసిన్లు సిస్టర్లే పట్టుకుంటారు, సిస్టర్లే కడుగుతారు. ముసలి మదర్ కూడా కడుగుతుంది. డిటెక్టివు ఒక బేసిను దించి చూశాడు. అడుగున దుమ్ము. ఇంకోదాంట్లో సాలెపురుగు గూడు కట్టుకుని హాయిగా ఉంది.

వెనకాల అడుగుల చప్పుడైంది. మదర్ వచ్చి నిలబడింది. చిన్న మనిషి, నడుం వంగింది, చేతులు మాత్రం బండచాకిరీ చేసిన చేతులు.

"అది చూశారా?" అంది. "కొన్నాళ్ళుగా మా ఇంట్లో వాంతులు లేవు బాబూ. మందు ఎక్కించుకుని వస్తారు, అన్నం తింటారు, నిద్రపోతారు. జుట్టు ఊడటం లేదు. నా జీవితమంతా ఈ బేసిన్లు కడిగాను నేను. ఇలాంటిది చూడలేదు. మొదట నమ్మలేకపోయాను. తరవాత మోకాళ్ళమీద పడ్డాను. దేవుడు ఈ ఇంట్లోకి నడిచొచ్చాడు."

ఆవిడ మాట్లాడుతుంటే డిటెక్టివుకి ఒళ్ళు గగుర్పొడిచింది. ప్రార్థన గదిలోంచి మళ్ళీ పాట మొదలైంది, దెబ్బ తిన్న సిస్టరు కోసం. రోగులు పాడుతున్నారు. చావుబతుకుల మధ్య ఉన్నవాళ్ళు పాడుతున్నట్టు లేదు. నిండు గొంతులు. ఆ గోడలు కూడా పాడుతున్నాయా అనిపించింది. తెలీకుండానే ఆయన చేతులు జోడించాడు.

ఎందుకంటే ఆ మందు సంగతి ఆయనకి బాగా తెలుసు. ఆయన భార్యకి అదే జబ్బు, అదే మందు. ఆవిడకి బేసిను పట్టిన చేతులే ఇవి. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. ఆ యాతన ఈ ఇంట్లో ఎవరికీ లేదంటే, అంతకంటే గొప్ప అద్భుతం ఏముంటుంది?

"ఎవరికీ లేదా మదర్?" అన్నాడు మెల్లిగా.

మదర్ మొహం కాస్త చిన్నబోయింది. ఒక్కరికి ఉందట. చివరి గదిలో తాతయ్య. ఆయన బేసిను మాత్రం గోడకి తగిలించే పనే లేదు, ఎప్పుడూ మంచం పక్కనే ఉంటుంది. తల నున్నగా అయిపోయింది. మిగతా రోగులు ఆయన్ని చూసి జాలిపడతారు. విశ్వాసం తక్కువేమో, ప్రార్థనకి సరిగ్గా రావడం లేదేమో అని చెవులు కొరుక్కుంటారు. ఆయన కోసం విడిగా ఒక పాట కూడా పాడుతున్నారు.

డిటెక్టివు తాతయ్య గదికి వెళ్ళాడు. తాతయ్య వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, ఆయాసంగా పడుకుని ఉన్నాడు. ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే, చచ్చినంత పనవుతోంది కానీ మెడ కింద గడ్డ మాత్రం సగానికి సగం తగ్గిందని డాక్టరన్నాడు అన్నాడు.

"మందెక్కడ కొంటారు తాతా?"

"ఆసుపత్రి కౌంటర్లోనే. ఐసుపెట్టె ఆయన చవకగా ఇస్తాడని అందరూ అన్నారు. నాకు మొహమాటం లేదు, నేను తెలిసిన చోటే కొంటానన్నాను. అందుకే నన్ను పిచ్చివాడు అనాలో డాబుగాడు అనాలో వాళ్ళకి తెలీడం లేదు."

ఐసుపెట్టె ఆయన ఎవరంటే, టోకు దుకాణాల నించి మందు సీసాలు ఐసు నింపిన డబ్బాలో పెట్టుకుని, స్కూటరు మీద తెచ్చి, ఈ ఇంట్లోవాళ్ళకి చవకగా ఇచ్చే మనిషి. సేవ చేస్తున్నానంటాడు. రోగులు ఆయన కాళ్ళకి దణ్ణం పెడతారు. పొద్దున సిస్టరుని స్ట్రెచరు మీదికి ఎత్తినవాళ్ళలో ఆయనా ఉన్నాడు.

డిటెక్టివు గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. ఇందాకటి గగుర్పాటు ఇంకా ఒంటి మీదే ఉంది, కానీ ఇప్పుడది వేరే రకం. అందరూ జాలిపడే ముసలాయన ఒక్కడే బాగుపడుతున్నాడు. బాధ లేనివాళ్ళందరూ...

ఇన్‌స్పెక్టరుని చెయ్యి పట్టుకుని మెట్లకింద గదికి లాక్కొచ్చాడు. చీమలు చూపించాడు.

"క్యాన్సరు మందుకి చీమలు పడతాయా?"

"నన్నడుగుతారేం, చీమల్ని అడగండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అన్నాక మొహం మారింది. మనిషి దుడుకే గానీ మొద్దు కాదు. తనే ఫ్రిజ్ తీసి, ఐసుపెట్టె ఆయన తెచ్చిన సీసా ఒకటి అందుకుని, సీలు పీకి, మూతలో నాలుగు చుక్కలు పోసి చీమలబారు పక్కన పెట్టాడు. ఇద్దరు పెద్దమనుషులు గొంతుక్కూర్చుని చూస్తున్నారు. ముందు ఒక చీమ ఆగింది. తల ఊపింది. తరవాత బారంతా వంకర తిరిగింది.

"గ్లూకోజు నీళ్ళు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో ఎగతాళి లేదు.

"చీమల సాక్ష్యం కోర్టులో చెల్లదు. మిగతావి ల్యాబుకి పంపండి. ఐసుపెట్టె ఆయన పొద్దున ఏం చెప్పాడు మీకు?"

గేటు బయట స్కూటరు మీద ఉండగా కేకలు విని లోపలికి పరిగెత్తానన్నాడట. ఐసుపెట్టె స్కూటరు మీంచి దించనే లేదన్నాడట.

"అయితే ఈ చదరం ఏంటి?" అన్నాడు డిటెక్టివు నేల చూపించి. "ఐసు కరిగి పెట్టె అడుగు చెమ్మగిల్లుతుంది. సీసా పగిలినప్పుడు పెట్టె ఇక్కడే ఉంది. పెట్టె ఉందంటే ఆయనా ఉన్నాడు. మీ డ్రైవరు అటు తలుపులోంచి వచ్చేలోపల ఇటు తలుపులోంచి వెళ్ళి, చుట్టూ తిరిగి గేటులోంచి వచ్చాడు."

సీసాలకి చీమలు పట్టడం సిస్టర్ ముందురోజే చూసుండాలి. అందుకే డ్రైవరుకి సీసా ఇవ్వనంది. మరి అనుమానం వచ్చిన మనిషి ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా వాడి ముందర ఎందుకు నిలబడింది? అదొక్కటే ఇన్‌స్పెక్టరుకి మింగుడుపడలేదు.

దానికి మదర్ జవాబు చెప్పింది. గోడ పట్టుకుని, కూర్చోమన్నా కూర్చోకుండా.

"మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది బాబూ. ఎవరైనా తప్పు చేశారనిపిస్తే, ముందు వాళ్ళనే పిలిచి ఒంటరిగా అడగాలి. ఒప్పుకుంటే అక్కడితో సరి. కాదంటేనే నలుగురికి చెప్పాలి. మనిషి పరువు కూడా దేవుడిచ్చిందే కదా. ఆ పద్ధతి ఆమెకి నేర్పింది నేనే." పెరటి తలుపులోంచి బేసిన్లకేసి చూసింది. "అద్భుతం అనుకుని దండాలు పెట్టిందీ నేనే."

ఇన్‌స్పెక్టర్ ఐసుపెట్టె ఆయన్ని పట్టుకురమ్మని కానిస్టేబుళ్ళని ఆయన ఇంటికి పంపి, వరండాలోకి వెళ్ళి డ్రైవరు బేడీలు విప్పాడు. క్షమించమని అనలేదు, కానీ తన చేతిరుమాలు ఇచ్చి రక్తం తుడుచుకోమన్నాడు. ఆయనకి అదే ఎక్కువ.

ఇక టైలరమ్మకి చెప్పాలి. నేను చెప్తాను అంది మదర్. నన్ను పిలిచింది ఆవిడ, నేనే చెప్పాలన్నాడు డిటెక్టివు. ఆఖరికి ఇద్దరూ వెళ్ళారు, వెనకాల డ్రైవరు, ఇన్‌స్పెక్టర్. తమ్ముడి చేతులు ఖాళీగా చూడగానే టైలరమ్మ మొహం విప్పారింది. ఆ మొహం చూశాక నోరు తెరవడం ఎంత కష్టమో డిటెక్టివుకి అప్పుడు తెలిసింది. మామూలుగానే మాట రావడం ఆలస్యం, ఇప్పుడు మరీను. ఎలాగో చెప్పాడు. వంకర తిప్పకుండా చెప్పాడు. ఈ జడ ఊడకపోవడం వరం కాదమ్మా, నీకు ఎక్కించింది మందు కాదు అన్నాడు.

ఆవిడ వింది. దిండుగలీబు మీద కుట్టు సగంలో ఉంటే పూర్తి చేసి, ముడి వేసి, దారం పంటితో కొరికింది. డ్రైవరు గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

"పిన్నిగారికి కూడా ఇదే మందు కదా," అంది.

"ఇదే. అసలుది. జుట్టంతా పోయింది. ఇల్లంతా వాంతులే."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"జుట్టు మళ్ళీ వచ్చింది. ఆ జుట్టు ముడేసుకుని పొద్దున లేచింది మొదలు నన్ను తిడుతుంది."

టైలరమ్మకి నవ్వొచ్చింది. నవ్వులోనే కళ్ళు నిండాయి. జడ ముందుకి తీసుకుని, ఎవరి జడో చూసినట్టు చూసుకుని, వెనక్కి వేసేసింది. "సరే. మొదట్నించి మొదలెడదాం. ఒరేయ్ తమ్ముడూ, నువ్వు ఏడవకు, నాకు తోడు నువ్వే."

అంత మాట ఆవిడ నోట విని మదర్ మంచం పక్కన మోకాళ్ళమీదికి జారిపోయింది. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, ఎందుకు తీశాడో ఆయనకే తెలీదు. డిటెక్టివుకి అనిపించింది, ఈ ఇంట్లో అద్భుతమనేది ఒకటి ఉంటే అది ఇదిగో, ఈ మంచం మీద కూర్చుని ఉందని.

టైలరమ్మ ఉన్నట్టుండి తలెత్తింది.

"మరి సిస్టర్ దగ్గర తోడెవరున్నారు?"

అందరూ మదర్ వైపు చూశారు.

"పోలీసులు వస్తున్నారని నేను ఆగిపోయాను," అంది మదర్. "మిగతా సిస్టర్లని ఇంట్లోంచి కదలొద్దన్నారు. తోడు లేకపోతే చేర్చుకోం అన్నారు అక్కడ. ఆయనే... ఐసుపెట్టె ఆయనే, నేనుంటాను మదర్, నాకు సిస్టర్ చెల్లెలి లాంటిదన్నాడు."

డ్రైవరు అప్పటికే గుమ్మం దాటాడు. వరండా మెట్లు దిగకుండానే దూకాడు. ఇన్‌స్పెక్టర్ ఫోను తీసి వార్డుకి కలిపాడు. నర్సు ఎత్తింది. తల దెబ్బ సిస్టర్ ఎలా ఉందని అడిగాడు, గొంతు మామూలుగా ఉంచుకుని.

ఇప్పుడే కళ్ళు తెరిచింది, ఏదో చెప్పాలని చూస్తోంది అంది నర్సు. తోడున్నాయన ఎంత మంచాయనో అంది. డాక్టరు ఇంజెక్షను రాస్తే కొనడానికి బయటికి కూడా ఎవర్నీ పంపనివ్వలేదట, తన పెట్టెలోనే ఉందని సీసా తీసిచ్చాడట.

ఈ సీసాలో ఉన్నది గ్లూకోజు అయ్యుండదని డిటెక్టివుకి అర్థమైంది.

"ఆ ఇంజెక్షను చెయ్యొద్దు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వింటున్నారా? ఆపండి."

"ఒక్క నిమిషం సార్, బెడ్ దగ్గర పిలుస్తున్నారు," అని నర్సు ఫోను బల్ల మీద పెట్టేసింది.

ఇన్‌స్పెక్టర్ పిలుస్తూనే ఉన్నాడు. అటునించి ఎవరూ పలకలేదు. ట్రే చప్పుడు, స్టూలు జరిగిన చప్పుడు, ఆ తరవాత ఒక మగగొంతు, ఎంతో మెత్తగా, ఎంతో దయగా:

"కళ్ళు మూసుకోండి సిస్టర్. నేనున్నాను కదా."